మొదలుపెట్టడం నేర్పిన మాస్టారు

స్టేజ్ ఎక్కాలంటే నాకు ముందు చేతులు చల్లబడేవి. గుండె దడ, గొంతు ఎండిపోవడం, కడుపులో తిప్పడం అన్నీ ఆ తర్వాతే వచ్చేవి. ప్రోగ్రామ్ సాయంత్రమైతే మధ్యాహ్నం నుంచే వేళ్ళ చివర్లు మొద్దుబారినట్టు ఉండేవి. అరచేతులు రుద్దుకుంటూ, చేతులు చంకల్లో పెట్టుకుంటూ ఇల్లంతా తిరిగేదాన్ని. వయొలిన్ వాయించేవాళ్ళకి ఇంతకంటే ఇబ్బంది ఇంకోటి ఉండదు. ఎడమచేతి వేళ్ళు చల్లబడితే తీగ మీద స్వరం ఎక్కడుందో సరిగ్గా తెలియదు. కుడిచెయ్యి వణికితే తీగల మీద లాగే కమాను వణుకుతుంది. కమాను వణికిందంటే ఇక దాచుకోవడానికి ఏమీ ఉండదు, ఆ వణుకు నాదంలోకి వచ్చేస్తుంది. వేగంగా వాయించేటప్పుడు అంతగా బయటపడదు గానీ, నెమ్మదిగా ఒక్క పొడుగు స్వరం లాగాల్సి వచ్చినప్పుడు మాత్రం లోపలి భయమంతా బయటికి వినిపిస్తున్నట్టు ఉంటుంది.

అదంతా ఎందుకు జరుగుతుందో ఆ వయసులో నాకు తెలియదు. నాలోనే ఏదో లోపం ఉందనుకునేదాన్ని. పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ప్రమాదం ముంచుకొచ్చిందని మెదడు అనుకోగానే ఒంట్లోకి అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది. చర్మానికీ వేళ్ళకీ వెళ్ళే రక్తం తగ్గి, కాళ్ళూ చేతుల్లోని పెద్ద కండరాలకి ఎక్కువగా వెళ్తుంది. లాలాజలం తగ్గి నోరెండిపోతుంది. అరుగుదల నెమ్మదించి కడుపులో ఏదోలా ఉంటుంది. పరిగెత్తడానికో, ఎదిరించి పోరాడటానికో శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. స్టేజ్ మీద కూర్చున్న మనిషికి ఆ రెండింటిలో ఏదీ కుదరదు. పరిగెత్తాల్సిన ఒంటితో కదలకుండా కూర్చుని, సన్నని తీగ మీద సన్ననైన పని చెయ్యాలి. ఈ సంగతి ఆ రోజుల్లోనే ఎవరైనా చెప్పి ఉంటే కనీసం నన్ను నేను తిట్టుకోవడం మానేసేదాన్నని ఇప్పటికీ అనిపిస్తుంది.

చిన్నప్పుడు వయొలిన్ నాకు ప్రాణం. ఇంట్లో గది తలుపు వేసుకుని వాయించుకుంటూ ఉంటే టైమ్ తెలిసేది కాదు. అమ్మ వచ్చి పిలిస్తే తప్ప లేచేదాన్ని కాదు. "ఇంత బాగా వాయిస్తావు కదే, నలుగురిలో ఒక్కసారి వాయించవే" అని పిన్ని ఎప్పుడు వచ్చినా అడిగేది. ఆ నలుగురి మాట వినగానే నా మొహం మారిపోయేది.

స్కూల్ యానివర్సరీలో మొదటిసారి ఒంటరిగా వాయించాను. పల్లవి, అనుపల్లవి బాగానే నడిచాయి. చరణం మధ్యలో ముందు వరుసలో ఎవరో లేచి నిలబడ్డారు. నా చూపు అటు వెళ్ళింది, అంతే, తర్వాతి స్వరం పోయింది. తలలో ఏమీ లేదు. వేళ్ళు తీగ మీదే ఉన్నాయి, ఎటు కదలాలో వాటికి తెలియలేదు. ఆ మౌనం ఎంతసేపు ఉందో నాకు తెలియదు. ఎవరో చప్పట్లు కొట్టడం మొదలుపెడితే హాలంతా కొట్టింది. జాలితో కొట్టే చప్పట్లు ఎలా ఉంటాయో పిల్లలకి బాగా తెలుస్తుంది. దండం పెట్టి దిగిపోయాను. ఎవరూ ఒక్క మాట అనలేదు, ఇంటికి వచ్చేదాకా నాన్న నా చెయ్యి వదల్లేదు. ఆయన ఓదార్పు కూడా ఆ రోజు నాకు బరువుగానే అనిపించింది.

ఆ తర్వాత ఎవరి ముందూ వాయించకుండా చాలాకాలం గడిపేశాను. జ్వరం, పరీక్షలు, తెగిన తీగ, ఎప్పుడూ ఏదో ఒక కారణం దొరికేది. తప్పించుకున్న ప్రతిసారీ ఎంత హాయిగా ఉండేదో! ఆ హాయే భయాన్ని ఇంకా పెంచుతోందని అప్పుడు తెలియలేదు. ఎగ్గొట్టిన ప్రతి ప్రోగ్రామ్‌తో స్టేజ్ నాకు ఇంకాస్త దూరమైంది.

సలహాలకి మాత్రం లోటు లేదు. "ఎదురుగా ఉన్నవాళ్ళంతా బొమ్మలనుకో" అన్నవాళ్ళు ఉన్నారు. "కళ్ళు మూసుకుని వాయించు" అన్నవాళ్ళు ఉన్నారు. "భయపడకు" అనని వాళ్ళు లేరు. అందరూ ప్రేమతో చెప్పినవాళ్ళే. కానీ బొమ్మల సలహా నాకు ఎప్పుడూ నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. మనుషులకి వినిపించాలని కదా స్టేజ్ ఎక్కేది! వాళ్ళని బొమ్మలనుకుంటే ఇంట్లో గదిలో వాయించుకోవడానికీ దీనికీ తేడా ఏముంది? ఇక "భయపడకు", "టెన్షన్ పడకు" అనే మాటలు వింటే నా టెన్షన్ రెట్టింపయ్యేది. గుండె దడదడలాడుతుంటే నెమ్మదించమని దానికి చెప్పడం ఎవరి వల్లా కాదు. హార్వర్డ్‌లో పనిచేసే ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం గురించి ఆ మధ్య చదివాను. పాడటానికో, ఉపన్యాసం ఇవ్వడానికో సిద్ధమవుతున్నవాళ్ళలో తమని తాము శాంతపరచుకోవడానికి ప్రయత్నించినవాళ్ళ కంటే, 'నాకు ఉత్సాహంగా ఉంది' అని పైకి అనుకున్నవాళ్ళు మెరుగ్గా చేశారట. భయంలోనూ ఉత్సాహంలోనూ గుండె ఒకేలా కొట్టుకుంటుంది కాబట్టి, దడని ఆపడం కంటే దానికి ఇంకో అర్థం ఇచ్చుకోవడం తేలికన్నమాట. అది చదివినప్పుడు నాకు మాస్టారే గుర్తొచ్చారు. ఆయన ఇలాంటివేమీ చదివినవారు కాదు.

మాస్టారి దగ్గరికి వెళ్ళేనాటికి నేను కాలేజీలో ఉన్నాను. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు ఉండేవారు. తక్కువ మాట్లాడేవారు. మొదటిరోజు నన్ను వాయించమని ఆయన గుమ్మం బయటికి వెళ్ళి నిలబడ్డారు. వాయించాను. తర్వాత లోపలికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, అదే మళ్ళీ వాయించమన్నారు. కమాను వణికింది. ఆయన ఏమీ అనకుండా చివరిదాకా విన్నారు.

"మధ్యలో నీ చెయ్యి వణకడం మానేసింది, గమనించావా?" అన్నారు.

గమనించలేదు. నాకు గుర్తున్నది మొదట్లో వణికిందన్న సంగతే.

"నీకు వాయించడం వచ్చమ్మా. మొదలుపెట్టడం రాదు. అది నేర్చుకుందాం" అన్నారు.

భయం గురించి అంతకుముందు నాతో ఎవరూ అలా మాట్లాడలేదు. అందరూ దాన్ని నా స్వభావంలా చూసేవారు, పిరికిది అనో సిగ్గరి అనో అనేవారు. ఆయన దాన్ని రాని పాఠంగా చూశారు. రాని పాఠమైతే నేర్చుకోవచ్చు కదా! ఆ రోజు ఇంటికి వెళ్తుంటే ఒళ్ళంతా తేలికపడింది.

ఆ పాఠం చాలా వింతగా ఉండేది. వయొలిన్‌ని పెట్టెలో పెట్టి గది బయటికి వెళ్ళమనేవారు. తలుపు తీసుకుని లోపలికి నడిచి రావాలి. గబగబా కాకుండా, మామూలుగా. కూర్చోవాలి. చీర కుచ్చిళ్ళు సర్దుకోవాలి. పెట్టె తీసి, వయొలిన్ చేతిలోకి తీసుకుని, శ్రుతి చూసుకోవాలి. శ్రుతి చూసుకునేటప్పుడు తొందర పడకూడదు, ఆ కాస్త సమయం నాదే. తర్వాత గాలి నెమ్మదిగా బయటికి వదలాలి. పీల్చడం గురించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. "వదులు, పూర్తిగా వదులు, పీల్చడం దానంతటదే జరుగుతుంది" అనేవారు. అది కూడా ఎందుకో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిస్తుంది. అందుకే వదలడాన్ని పొడిగిస్తే దడ కాస్త దిగుతుంది.

అప్పుడు మొదటి వరుస వాయించాలి. ఒక్క వరుసే. అది అవ్వగానే "చాలు" అనేవారు. మళ్ళీ వయొలిన్ పెట్టెలో, నేను గది బయట, మళ్ళీ మొదటినుంచి. క్లాసంతా ఇదే! పాటలోకి వెళ్ళనిచ్చేవారు కాదు. మొదట్లో విసుగొచ్చింది. తర్వాత తర్వాత ఆ నడక, ఆ కూర్చోవడం, ఆ శ్రుతి, ఆ ఊపిరి అన్నీ కలిసి పాటలో భాగమైపోయాయి. తలుపు దాటి లోపలికి అడుగు పెట్టగానే పాట మొదలైనట్టే ఉండేది. స్టేజ్ ఎక్కేటప్పుడు ఏం చెయ్యాలో తెలియక బుర్ర ఖాళీగా ఉండే ఆ క్షణాలే నా భయానికి చోటు. ఆ చోటుని ఆయన చిన్న చిన్న పనులతో నింపేశారు.

మొదటి స్వరం గురించి కూడా చెప్పారు. భయంతో ఉన్నవాళ్ళు సహజంగా మెల్లగా, సన్నగా మొదలుపెడతారు, తప్పు పోతే వినిపించకూడదని. వణుకు బయటపడేది సరిగ్గా అక్కడే. "నిండుగా లాగు, కమానుకి కాస్త బరువివ్వు, కాస్త వేగంగా లాగు. మొదటి పాట మరీ నెమ్మదైనది పెట్టుకోకు. చెయ్యి వేడెక్కాక నీకు ఇష్టమైనంత నెమ్మదిగా వాయించుకో" అనేవారు. ఇది వయొలిన్‌కే కాదని తర్వాత తెలిసింది. ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు కూడా మొదటి రెండు వాక్యాలు నోటికి వచ్చేలా పెట్టుకుని, గట్టిగా మొదలుపెడితే గొంతు నిలదొక్కుకుంటుంది.

కొన్నాళ్ళు గడిచాక మెట్లు మొదలయ్యాయి. మాస్టారి ఇల్లు మేడ మీద. కిందికి దిగి, పరుగున పైకి ఎక్కి, ఆయాసపడుతూనే వచ్చి కూర్చుని వెంటనే వాయించమనేవారు. గుండె ఎగిరెగిరి పడుతూ ఉండేది. "స్టేజ్ మీద ఉండే గుండె ఇదే కదా. ఈ గుండెతో వాయించడం అలవాటు చేసుకో" అనేవారు. నెమ్మదైన గుండెతో ఇంట్లో ఎంత సాధన చేసినా, పరిగెడుతున్న గుండెతో వాయించడం విడిగా నేర్చుకోవాల్సిందేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన చేయించిన వాటిలో ఇదే అన్నిటికంటే గొప్పదని నా అభిప్రాయం.

స్కూల్లో ఆగిపోయిన సంగతి ఆయనకి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆయన విని, "ఆ పాట చరణం మధ్యనుంచి వాయించు" అన్నారు. రాలేదు. పల్లవి నుంచి మొదలుపెడితేనే వస్తుంది. అదీ అసలు సంగతి. చాలామందికి పాట గొలుసులాగా గుర్తుంటుంది, ఒక లంకె తర్వాతి లంకెని లాగుతుంది. ఒక్కటి తెగితే మిగతాదంతా చేతికి అందదు. వేళ్ళకి అలవాటైన జ్ఞాపకం ఇంట్లో బాగా పనిచేస్తుంది. భయంలో మనం వేళ్ళ వంక చూడటం మొదలుపెడతాం, ఇప్పుడు ఏ వేలు పడాలి అని ఆలోచిస్తాం, దానంతటది జరగాల్సిన పనిలో తలదూరుస్తాం. అక్కడే తెగుతుంది. మాస్టారు పాటలో అక్కడక్కడా కొన్ని చోట్లు గుర్తు పెట్టించారు. ఎక్కడినుంచి అడిగినా ఆ చోటునుంచి అందుకోగలగాలి. నేను వాయిస్తూ ఉండగా హఠాత్తుగా చప్పట్లు కొట్టి, "చరణం, మూడో వరుస" అనేవారు. తాళం తప్పకుండా అక్కడికి దూకాలి. ఒక్కోసారి పాట చివరినుంచి వెనక్కి, వరుస వరుసగా నేర్పేవారు. దానివల్ల పాట చివరికి వెళ్తున్నకొద్దీ ఎక్కువ బాగా వచ్చిన భాగంలోకి వెళ్తున్నట్టు ఉండేది.

వినేవాళ్ళని కూడా ఒక్కొక్కరిగా పెంచారు. మొదట ఆయన భార్య వచ్చి కూర్చునేవారు. ఆమె ఏ పనీ చేసుకోకుండా, నా మొహంలోకి సూటిగా చూస్తూ వినేవారు. అలా వినమని ఆయనే చెప్పారట. తర్వాత మిగతా శిష్యులు, పక్కింటి పిల్లలు, పని మీద వచ్చిన తెలిసినవాళ్ళు. "ఒక్క పాట విని వెళ్ళండి" అని ఎవరొచ్చినా కూర్చోబెట్టేవారు. పిల్లల ముందు వాయించడం అన్నిటికంటే కష్టంగా ఉండేది. వాళ్ళకి నచ్చకపోతే మర్యాదకైనా కూర్చోరు. ఒక బుజ్జిగాడు మధ్యలో లేచి వెళ్ళిపోయాడు కూడా. నేను ఆగలేదు. ఎవరో లేచి వెళ్తుంటే నా చెయ్యి ఆగకపోవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం మాస్టారు చాలా సంతోషించారు.

అయినా ఒక విషయం నాకు అనుమానంగానే ఉండేది. ఆయన ఇవన్నీ నేర్పగలుగుతున్నారు కానీ, భయం అంటే ఏమిటో ఆయనకి తెలుసా? ఏళ్ళ తరబడి కచేరీలు చేసిన మనిషి. స్టేజ్ మీద ఆయన్ని చూస్తే ఇంట్లో కూర్చున్నట్టే ఉంటారు. ఒకసారి ఆయన కచేరీకి తోడుగా వెళ్ళాను. గ్రీన్ రూమ్‌లో ఒక మూల కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎవరు పలకరించినా తల ఊపుతున్నారే తప్ప మాట్లాడటం లేదు. మొహంలో రంగు లేదు. నీళ్ళ గ్లాసు అందిస్తుంటే ఆయన వేళ్ళు నా వేళ్ళకి తగిలాయి. నా వేళ్ళలాగే చల్లగా ఉన్నాయి.

నేను ఉలిక్కిపడటం ఆయన చూశారు. "ప్రతిసారీ ఇంతేనమ్మా. నేను ఎదురు చూస్తాను దీనికోసం" అన్నారు. కాసేపటికి లేచి, గాలి నెమ్మదిగా వదిలి, మామూలు నడకతో స్టేజ్ మీదికి వెళ్ళారు. నాకు నేర్పింది మొత్తం ఆయన చేస్తుంటే వెనకనుంచి చూశాను. కూర్చోవడం, సర్దుకోవడం, తొందర లేని శ్రుతి. మొదటి కమాను నిండుగా పడింది.

భయపడేవాళ్ళు ఒక రకం, స్టేజ్ మీద ఉండేవాళ్ళు ఇంకో రకం అని నేను అప్పటిదాకా నమ్మాను. ఆ నమ్మకం ఆ గ్రీన్ రూమ్‌లో పోయింది. ఆ తర్వాత ఇలాంటివాళ్ళ గురించి ఎక్కడ కనబడినా వదలకుండా చదివేదాన్ని. చెల్లో అనే, వయొలిన్ కంటే పెద్ద తీగవాద్యంలో ప్రపంచమంతా మెచ్చిన పాబ్లో కసాల్స్‌కి జీవితాంతం ఈ భయం ఉండేది. 1901లో అమెరికాలో టమాల్‌పైస్ అనే కొండ దిగుతుంటే ఒక బండరాయి దొర్లిపడి ఆయన ఎడమచేతి వేలు నలిగింది. ఆ క్షణంలో తనకి వచ్చిన మొదటి ఆలోచన, 'దేవుడా, ఇక చెల్లో వాయించక్కర్లేదు' అని ఆయనే చెప్పుకున్నారు. అంత ప్రేమించిన వాద్యం నుంచి విడుదల దొరికిందనిపించేంత భయం! ఆ చెయ్యి బాగయ్యాక మళ్ళీ దశాబ్దాల పాటు వాయించారు, భయంతోనే. పియానో విద్వాంసుడు వ్లాదిమిర్ హొరొవిట్స్ 1953లో కచేరీలు మానేసి, 1965 మే 9న న్యూయార్క్ కార్నెగీ హాల్లో మళ్ళీ కనిపించేదాకా పన్నెండేళ్ళు స్టేజ్ ఎక్కలేదు. నటుడు లారెన్స్ ఒలివియే‌కి ఈ భయం పట్టుకున్నది కుర్రతనంలో కాదు, అప్పటికే ఎంతో పేరొచ్చాక, 1960లలో. ఎదుటి నటులని తన కళ్ళలోకి చూడొద్దని బతిమాలుకునేంత దూరం వెళ్ళింది. అయినా నాటకాలు మానలేదు.

గాంధీ గారి సంగతి మనవాళ్ళు చాలామందికి తెలుసు. లండన్లో బారిస్టర్ చదువు ముగించి 1891లో తిరిగొచ్చిన ఆయన, బొంబాయి కోర్టులో తన మొదటి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, తల తిరిగి, ఒక్క ప్రశ్న కూడా తోచక కూర్చుండిపోయారు. కేసు వేరేవాళ్ళకి అప్పగించమని చెప్పి బయటికి వచ్చేశారు. తర్వాత కాలంలో ఆ బెరుకే తనకి మాటల్ని పొదుపుగా వాడటం నేర్పిందని రాసుకున్నారు. లక్షలమంది ముందు నిలబడి ఆయన మాట్లాడిన తీరు తలచుకుంటే, ఆ చిన్న చిన్న వాక్యాలు ఆ కోర్టు గదిలోంచే వచ్చాయేమో అనిపిస్తుంది నాకు.

నా విషయానికి వస్తే, ఒకరోజు మాస్టారు ఒక సభలో నాకు అరగంట ఇప్పించారు. హాలు నిండలేదు గానీ చాలామందే వచ్చారు. మధ్యాహ్నం నుంచి చేతులు చల్లబడటం మొదలైంది. గోరువెచ్చని నీళ్ళలో వేళ్ళు ముంచి తుడుచుకున్నాను, ఊలు గ్లవ్స్ వేసుకుని కూర్చున్నాను. తెర వెనక నిలబడ్డప్పుడు గుండె మెట్లు ఎక్కివచ్చినట్టే కొట్టుకుంటోంది. ఈ గుండె నాకు తెలుసు అనుకున్నాను. నడిచి వెళ్ళి కూర్చున్నాను, సర్దుకున్నాను, శ్రుతి చూసుకున్నాను. తలెత్తి హాలు వైపు చూశాను. రెండో వరుసలో ఒక పెద్దావిడ ముందుకు వంగి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఉన్నారు. సరిగ్గా వినిపించదేమో పాపం! ఆవిడకి వినిపించాలి అనుకుంటూ మొదటి కమాను లాగాను.

మొదటి వరుసలో చెయ్యి వణికింది. నాకు బాగా తెలిసింది. రెండో వరుసలోనూ వణికింది. అనుపల్లవికి వచ్చేసరికి ఎప్పుడు తగ్గిందో తెలియకుండా తగ్గిపోయింది. రెండో పాట చరణంలో ఒకచోట తర్వాతి వరుస జారిపోయింది, స్కూల్లో జరిగినట్టే. ఈసారి చేతులు ఖాళీగా లేవు. తాళం వదలకుండా ముందున్న గుర్తు చోటుకి దూకాను. మాస్టారు చప్పట్లు కొట్టి చెప్పినట్టే వినిపించింది చెవిలో. మృదంగం వాయించే ఆయన ఒక్కసారి నా వైపు చూసి, కళ్ళతోనే నవ్వి, నాతో వచ్చేశారు. ఆ చూపు ఎంత ధైర్యం ఇచ్చిందో మాటల్లో చెప్పలేను. పక్కన వాయించేవాళ్ళు మనవైపే ఉన్నారన్న సంగతి భయంలో మనకి గుర్తుండదు.

ఆ కచేరీని ఎవరో క్యాసెట్‌లో రికార్డ్ చేశారు. వినడానికి చాలారోజులు మనసొప్పలేదు. చివరికి తలుపు వేసుకుని విన్నాను. మొదటి వరుసల్లో ఘోరంగా వణికిందనుకున్న నాదం మామూలుగానే ఉంది. ఇక్కడ వణికిందని తెలిసి చెవి పెట్టి వింటే తప్ప పట్టుకోలేం. వరుస జారినచోట ఏదీ జరిగినట్టే లేదు. మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాను. లోపల మనం పడే భయం బయటివాళ్ళకి కనిపించేది చాలా తక్కువ. కెనెత్ సవిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో ఉపన్యాసం ఇచ్చేవాళ్ళ మీద ఇదే చూశారు. తమ కంగారు వినేవాళ్ళకి ఎంత తెలిసిపోతోందని వాళ్ళు అనుకున్నారో, నిజంగా అంత తెలియలేదు. ఇంకా మంచి సంగతి, ఈ విషయం ముందే చెప్పి పంపిన వాళ్ళు ఇంకా బాగా మాట్లాడారు. ఎవరైనా తమ పిల్లల్ని స్టేజ్ ఎక్కిస్తుంటే ముందుగా చెప్పాల్సిన మాట ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. 'భయపడకు' అనొద్దు. 'నీ భయం మాకు కనబడదు' అనండి.

మాత్రల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ రంగంలో వాటి గురించి గుసగుసగా మాట్లాడుకుంటారు తప్ప పైకి చెప్పుకోరు. ఒక ప్రోగ్రామ్ ముందు తోటి కళాకారిణి ఒకామె ప్రేమగా ఒక మాత్ర ఇవ్వబోయింది. "ఇది వేసుకో, చెయ్యి వణకదు" అంది. ప్రొప్రనొలాల్ అది. గుండె జబ్బుల కోసం 1960లలో జేమ్స్ బ్లాక్ తయారుచేసిన మందు. అడ్రినలిన్ గుండె మీదా, కండరాల మీదా చూపే ప్రభావాన్ని అడ్డుకుంటుంది కాబట్టి దడ, వణుకు తగ్గుతాయి. అదే జాతికి చెందిన ఇంకో మందుతో తీగవాద్యాలు వాయించేవాళ్ళ మీద చేసిన పరిశోధన 1977లోనే వైద్య పత్రికలో వచ్చింది, నిజంగానే వణుకు తగ్గింది. కానీ ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఇలాంటి మందు ప్రాణం మీదికి తెస్తుంది. చిన్నప్పటినుంచి నాకు ఉబ్బసం ఉంది. వద్దన్నాను. డాక్టర్ని అడిగి, వాళ్ళు రాసిస్తే వాడుకునేవాళ్ళని నేను తప్పు పట్టను, వాళ్ళ బాధ నాకు తెలుసు. పక్కవాళ్ళ చేతిలోంచి తీసుకుని వేసుకోవడం మాత్రం ఎవరూ చెయ్యకండి.

ఆ తర్వాత చాలా వాయించాను. చేతులు ప్రతిసారీ చల్లబడ్డాయి. మధ్యాహ్నం నుంచి మొదలయ్యేది మెల్లమెల్లగా సాయంత్రానికి జరిగింది, తర్వాత తెర వెనక నిలబడే కాసేపటికి తగ్గింది. ఒక్క కచేరీకి మాత్రం ఆ చల్లదనం అస్సలు రాలేదు. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి, గుండె మామూలుగా ఉంది. భయం పోయిందని పొంగిపోయాను. వాయించాక తెలిసింది, తప్పులేవీ లేవు, ప్రాణమూ లేదు. అందరూ బాగుందన్నారు. మాస్టారు మాత్రం ఏమీ అనలేదు. నేనే అడిగాను.

"సాధన వాయించావమ్మా ఇవాళ" అన్నారు.

ఆయన మాట అర్థం కావడానికి నాకు ఎక్కువ సేపు పట్టలేదు. కాస్త ఉద్రేకం ఉంటే పని బాగా సాగుతుందనీ, మరీ ఎక్కువైతే చెడుతుందనీ యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు 1908లోనే ఎలుకల మీద ప్రయోగాలు చేసి చూపించారని ఎక్కడో చదివాను. చల్లబడిన చేతులకోసం ఆయన ఎందుకు ఎదురు చూస్తానన్నారో నాకు ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి తెర వెనక వేళ్ళు చల్లబడగానే 'వచ్చావా' అనుకుంటాను.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన కమాను నా దగ్గర ఉంది, వెంట్రుకలు మార్పించి వాడుతున్నాను. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఒక అమ్మాయి ఉంది, ఇంట్లో ఎంతో బాగా వాయిస్తుంది, నలుగురిలో అనేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. మొన్న ఆమెని గది బయటికి పంపి, తలుపు తీసుకుని రమ్మన్నాను. వచ్చి కూర్చుని శ్రుతి చూసుకుంది. మొదటి వరుస అవ్వగానే "చాలు" అన్నాను. "ఇంతేనా టీచర్? పాట వద్దా?" అంది ఆశ్చర్యంగా. "పాట నీకు వచ్చు కదమ్మా" అన్నాను. మళ్ళీ పెట్టె తీసుకుని బయటికి వెళ్ళింది. వచ్చే వారం నుంచి మెట్లు మొదలుపెట్టాలి. ఆమె మోకాళ్ళు నావంటివి కాదు, ఎన్నిసార్లయినా ఎక్కగలదు.